కూత విన్న తొమ్మిదిమంది

“‘సైరన్ మోగించి అందరినీ హెచ్చరించాను.’ దీని కింద సంతకం పెట్టు.”

విచారణాధికారి కాగితం ముందుకు తోశాడు. విచారణ అంటే మూడు కుర్చీలు, ఒక ఫ్యాను, ముందే టైపు చేసి పెట్టిన వాంగ్మూలం. సైరన్ ఆపరేటర్ పెన్ను ముట్టుకోలేదు.

“హెచ్చరించాను అన్న ముక్క కొట్టేయండి సార్.”

“పిచ్చా నీకు? అది ఉంటే నువ్వూ బయటపడతావు, కంపెనీ బయటపడుతుంది. లేకపోతే తొమ్మిది శవాలూ నీ మెడకే. అసలు మోగించావా లేదా?”

“గ్యాసు వాసన రాగానే మోగించాను. ఐదు నిమిషాలు చెయ్యి తియ్యలేదు.”

“మరింకేం నొప్పి? లోపలున్న షిఫ్టువాళ్ళు వాసన పసిగట్టి వెనక గోడ దూకారు. బతికారు. చచ్చినవాళ్ళంతా తర్వాతి షిఫ్టు. గేటు బయట హాయిగా టీ తాగుతున్నవాళ్ళు లోపలికెందుకు ఉరికారు? వింత చూడ్డానికా?”

“అందులో ఒకడు నా తమ్ముడు సార్. వాడు వింతలు చూసే రకం కాదు. పదకొండేళ్ళలో ఒక్క నిమిషం ఆలస్యంగా రాలేదు.”

అధికారి గొంతు కాస్త తగ్గింది. “పాపం. అయినా అంత మోగినా వినలేదంటే, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.”

“చెవిటివాళ్ళయితే బతికేవాళ్ళు సార్.”

అధికారికి ఆ మాట ఎక్కలేదు. వాతావరణం తేలిక చేద్దామనుకున్నాడు. నాలుగు పుస్తకాలు చదివినవాడికి ఎక్కడైనా పాఠమే.

“సైరన్ అన్న మాట ఎక్కడిదో తెలుసా? గ్రీకుల పురాణాల్లోది. సైరన్లంటే సగం ఆడది, సగం పిట్ట. దీవి మీద కూర్చుని పాడేవట. ఆ పాట విన్న ఓడవాళ్ళు అటే పోయి, రాళ్ళకు కొట్టుకుని చచ్చేవాళ్ళు. చంపే పాట పేరు తెచ్చి ప్రాణాలు కాపాడే కూతకు పెట్టారు. తమాషా కదూ?”

ఆపరేటర్ నవ్వలేదు.

“పారిపోయేవాళ్ళు కాదా సార్?”

“ఎందుకు పారిపోతారు? పిలిచినట్టు ఉండేదట.”

ఆపరేటర్ కాగితం లాక్కున్నాడు. ‘హెచ్చరించాను’ మీద అడ్డంగా గీత కొట్టి, పైన ‘పిలిచాను’ అని రాశాడు. సంతకం పెట్టాడు.

అధికారి ఉలిక్కిపడి లేచాడు. “ఇదేంటయ్యా! ఏం రాశావో తెలుస్తోందా? నిన్ను లోపలేస్తారు!”

“వెయ్యనివ్వండి.”

“పిలవడమేంటసలు?”

“మా ఫ్యాక్టరీలో డ్యూటీకి పిలిచేదీ ఆ కూతే సార్.”