నలత

సభలో మెజారిటీ ఉండి కూడా అధికారపక్షం బడ్జెట్ ఒక్క ఓటు తక్కువై వీగిపోయింది. ఆ పక్షం శాసనసభ్యుడొకాయన బయటికొచ్చి కారెక్కుతుండగా, ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేస్తున్న అక్క ఫోన్ చేసింది.

"ఏరా, మా పిల్లల వార్డుకి కొత్త పైకప్పు రానట్టేనా? వానొస్తే మంచాల మధ్య బకెట్లు పెట్టుకుని నెట్టుకొస్తున్నాం."

"రానట్టేనక్కా. మావాళ్ళలోనే ఎవడో దెబ్బకొట్టాడు. వాడు బాగుపడడు."

"అంత మాటనకు. టీవీలో చూశాను, ఓటింగప్పుడు నీ కుర్చీ ఖాళీగా ఉంది. ఒంట్లో బాగాలేదా?"

మంత్రి పదవి దక్కలేదని అలిగి, ఓటింగ్ ముగిసేదాకా క్యాంటీన్‌లో కూర్చున్న తమ్ముడు కారు తలుపేసుకున్నాడు.

"కాస్త నలతగా ఉందక్కా."

"అనుకున్నాను. ఇక్కడ పిల్లల తల్లులంతా నిన్ను తిట్టిపోస్తుంటే నేనే సర్దిచెప్పాను, మా తమ్ముడు అలాంటివాడు కాదని."