కళావరు రాజు

ఈసారి కనుమ మీదికి వెళ్ళొద్దంటూ నూరిలా భర్త బూట్లు దాచేసింది.

"నేనాగిపోతే మిగతా ముగ్గురూ ఆగుతారా? నలుగురి పని ముగ్గురి నెత్తిన పడుతుంది. ఎక్కడ పెట్టావో చెప్పు," అన్నాడు తలాంత్.

అతనే వెతికి పిండి డబ్బాలోంచి తీసుకున్నాడు. కోప్పడలేదు. తెల్లగా పిండి అంటుకున్న బూట్లు దులుపుతూ, ఇంకా మంచు మీద కాలు పెట్టకుండానే తెల్లబడ్డాయని నవ్వాడు. కనుమ దారిలో పడ్డ మంచును బుల్డోజర్‌తో తోసే ముఠా అతనిది. మర్నాడు పైకి వెళ్తే పదిహేను రోజులు అక్కడి విడిదిలోనే మకాం. మూడు రోజులుగా ఆగకుండా మంచు కురుస్తోంది. అంత మంచు పడ్డాక కొండ చరియ ఎప్పుడు జారుతుందో చెప్పగలిగినవాడు ఆ ఊళ్ళో లేడు.

నూరిలా శాలువా కప్పుకుని వీధి చివర మర్ఫా అవ్వ ఇంటికి వెళ్ళింది. అవ్వ పేకతో జాతకం చెప్పడమే కాదు, జరగబోయేదాన్ని పేకతోనే మళ్ళిస్తుందని ఆడవాళ్ళు చెప్పుకుంటారు. మగవాళ్ళు విని నవ్వుతారు.

అవ్వ ఏమీ అడగలేదు. "మీ ఆయనది కళావరు రాజు," అంది. "ఆయన చెయ్యి తగిలిన ముక్కే కావాలి. తెచ్చి ఆయన తలగడ కింద బోర్లా పెట్టు. రాజు ఇంట్లో ఉన్నంతకాలం మనిషి ఎక్కడున్నా ఇంట్లో ఉన్నట్టే. ఆయన గుమ్మంలో కాలు పెట్టేదాకా నోరు మెదపకు."

అతని చెయ్యి తగిలిన పేక ఒక్కటే ఉంది, ముఠా పైకి మోసుకెళ్ళే సామాను పెట్టెలో.

ఆ మధ్యాహ్నం నలుగురి భార్యలూ ముఠా పెద్ద సతార్ ఇంట్లో కలిశారు. ఎప్పుడు ముఠా బయల్దేరినా అంతే, పైకి వెళ్ళేవాళ్ళకు కావలసిన రొట్టెలు అందరూ కలిసి నూనెలో వేయిస్తారు. సతార్ భార్య బూరుల్ మూకుడు ముందు కూర్చుని నూరిలాను ఎగాదిగా చూసింది.

"పొద్దున మర్ఫా ఇంట్లోంచి వస్తూ కనబడ్డావే. అట్టముక్కను చూసి కొండ జడుసుకుంటుందటే, పిల్లా?"

మిగతా ఇద్దరు, లూబా, మీరిమ్, కిసుక్కున నవ్వారు. నూరిలా చెవులు ఎర్రబడ్డాయి. ఇంకాస్త పిండి తెస్తానని లేచి వరండాలోకి వెళ్ళి, అక్కడున్న ముఠా సామాను పెట్టె తెరిచి, పేక తిరగేసి, కళావరు రాజు కనబడగానే లాగి జాకెట్లో దోపుకుంది. తిరిగొచ్చాక ఎవరి మొహంలోకీ చూడలేదు. ఆ పూట ఎవరో ఒకరు ఏదో పని మీద లేస్తూనే ఉన్నారు, కాబట్టి ఆమె లేచి వెళ్ళడం ఎవరికీ పట్టలేదు.

ముఠా పైకి వెళ్ళిన నాలుగో రోజు మధ్యాహ్నం కొండ మీద పెద్ద చప్పుడైంది. ఊళ్ళో కిటికీలు అదిరాయి. పై విడిదిని చరియ ఊడ్చుకుపోయిందని రోడ్డు కచేరీ వైర్‌లెస్‌లో తెలిసింది. నలుగురు ఆడవాళ్ళూ కచేరీ మెట్ల మీద ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నారు. బూరుల్ చెయ్యి మంచుగడ్డలా ఉంటే నూరిలా తన శాలువాలోకి లాక్కుంది. గంటన్నర తరవాత గుమాస్తా పరుగున వచ్చాడు. నలుగురూ క్షేమమని, రెండు కిలోమీటర్ల దిగువన కింది విడిదిలో టీ తాగుతున్నారని చెప్పాడు. బూరుల్ అక్కడే మంచులో మోకాళ్ళ మీద కూలబడి దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

రెండు రోజులకు దారి తెరిచారు. ముఠా ఇల్లు చేరింది. తలాంత్ గుమ్మం దాటగానే నూరిలా కొత్త ఉన్ని శాలువా పట్టుకుని మర్ఫా అవ్వ దగ్గరికి వెళ్ళింది, ఆమె చేతులు కళ్ళకద్దుకుంది. సతార్ ఇంట్లో విందుంది, రమ్మని బతిమాలింది.

"వద్దులే తల్లీ," అంది అవ్వ. "నేనొస్తే కొందరికి ముద్ద దిగదు. నా పేరు చెప్పి నువ్వే ఒక ముద్ద ఎక్కువ తిను."

విందుకు సతార్ గొర్రెను కోశాడు. వీధి వీధంతా వచ్చింది. ముసలివాళ్ళు దీవించారు. చరియ ఆ విడిది గోడ ఒక్కటి కూడా మిగల్చలేదని చెప్పుకుంటుంటే తింటున్న చేతులు ఆగిపోయాయి. ఇంతకీ పనివేళ కిందికెందుకు దిగారని ఎవరో అడిగారు.

గాలి మొదలై పని ఆగిందని, పొద్దుపోక పేక తీశామని చెప్పాడు తలాంత్. తీరా పంచబోతే ముక్కలు తక్కువొచ్చాయి. కింది విడిదిలో ఇంకో పేక ఉంది. సతార్ తిట్టుకుంటూనే బండి తీశాడు. అక్కడ టీ గిన్నెలైనా ముందుకు రాకముందే కొండ గర్జించింది.

నోరు విప్పొచ్చని అవ్వ చెప్పిన వేళ దాటింది. అందరూ నవ్వినా సరేననుకుంది నూరిలా.

"కళావరు రాజును తీసింది నేనే," అంది. "నీ తలగడ కింద ఉంది. నువ్వు తిరిగి రావాలని."

ఎవరూ నవ్వలేదు. బూరుల్ ముందు తలెత్తుకోలేననుకుంది నూరిలా, కానీ బూరుల్ గబగబా టీ పోయడంలో పడింది. లూబా, మీరిమ్ భోజనాలకు పరిచిన గుడ్డ అంచులు సర్దుతున్నారు.

తలాంత్ కళ్ళు చెమ్మగిల్లాయి. ఆమె చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు.

"దేవుడు నిన్ను చల్లగా చూడాలి. కానీ నూరిలా, ఒక్క ముక్కే పోతే అట్ట చింపి రాసుకుని ఆడేసేవాళ్ళం, అక్కడే ఉండేవాళ్ళం," అన్నాడు. "పేకలో నలుగురు రాజుల్లో ఒక్కడూ లేడు."