పులి వదిలిన పడ్డ

నాగులు చెయ్యాల్సిన పనులు నాలుగు. చూడితో ఉన్న బర్రెపడ్డను గిద్దలూరులో బామ్మర్ది గోపయ్య కొట్టానికి తోలాలి. దాని మెడగంట విప్పి నల్లమల అంచున ముళ్లకంపకు తగిలించాలి. పులి ఎత్తుకుపోయిందని ఊరంతా వినేటట్టు ఏడవాలి. ఆఖరున ఆదెమ్మ చేత కోర్టులో రాజీ మీద వేలిముద్ర వేయించాలి.

పడ్డ ఆదెమ్మది. దూడగా ఉన్నప్పుడే నాగులుకు సగం వాటాకు మేపనిచ్చింది. మేపినవాడికి సగం, ఇచ్చినవాళ్లకు సగం, ఊళ్లో ఎప్పటినుంచో ఉన్న కట్టుబాటే. కానీ చొప్ప వేసి, కడిగి, దిష్టి తీసి ఇంతదాన్ని చేసినాక అందులో సగం ఇంకొకరిదంటే నాగులుకు ముద్ద దిగలేదు.

ఉపాయం గోపయ్యదే.

"ఊరి పంచాయితీ అయితే ఆమె దినాం గొణుగుతానే ఉంటది బావా. లోక్ అదాలత్‌లో రాజీ అయితే కోర్టు డిక్రీ లెక్క. పైన అప్పీలు గూడా లేదు."

మొదటి మూడు పనులూ చక్కగా జరిగాయి. ఏడుపు ఎంత బాగా కుదిరిందంటే, నాగులు భార్య దుర్గ నిజమనుకుని రెండు పూటలు అన్నం మానేసింది.

అదాలత్ రోజున, నష్టం కింద ఒక మేకను ఇస్తానన్నాడు నాగులు. ఆదెమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

"సరే నాయనా. సారూ, ఒక్క మాట రాయండి. ఆ పడ్డ ఒకవేళ బతికి యాడన్నా కనపడితే పూరా నాదే. ఈయనకు సగం లేదు."

"పులి నోట్లో పడింది యాడ కనపడతాదక్కా?"

"ఏందో నా ఆశ. రాస్తే నీదేం పోయింది?"

నాగులుకు నవ్వు ఆగలేదు. "రాయండి సారూ! కడుపులో దూడతో సహా ఆమెదే!"

బెంచీ మీది పెద్దాయన చదివి వినిపించాడు. ఇష్టమేనా అని ఇద్దరినీ అడిగాడు. ముద్ర పడింది. మెట్లు దిగుతుంటే నాగులు కాళ్లు నేల మీద ఆనలేదు.

గేటు బయట బర్రె అరిచింది. ఆ గొంతు అతనికి బాగా తెలుసు.

"బావా!" పలుపు పట్టుకుని ఇకిలిస్తూ నిలబడ్డాడు గోపయ్య. "పులికి కడుపు నిండిందేమో, వదిలిపెట్టినట్టుంది. నేరుగా మా కొట్టానికే వచ్చింది!"

నాగులు నోరు తెరిచాడు. నేనే దాచానంటే దొంగ. దాచలేదంటే డిక్రీ.

ఆదెమ్మ పలుపు అందుకుంది. "మేకను పొద్దుగూకేలోపు తోలకరా నాయనా" అని, పడ్డను అదిలించుకుంటూ పోయింది. గోపయ్య ఈల వేసుకుంటూ వెనకాలే నడిచాడు.

"ఆ పులి ఉపాయం నీ బావ చెవిన వెయ్యి, పుట్టబోయే దూడ నీదే" అని గోపయ్యకు ముందే మాటిచ్చింది ఆదెమ్మ. ఆ మాటకు ఏ ముద్రా లేదు, ముద్ర పడిన కాగితంలో మాత్రం దూడతో సహా ఆమెదే, కాబట్టి పాపం, గోపయ్యను కాస్త గుర్తుపెట్టుకోండి.