గురువారం ముహూర్తం

చంపావతి వంతెన మీద బండి ఆపీ ఆపగానే చంద్రమౌళి సంచిలోంచి పుస్తకం లాగాడు. వెనక సీటు మీంచి దూకి, దాని అట్ట గట్టిగా పట్టేసుకుంది చెల్లెలు సంహిత.

"వదలవే! పాత దేవుడి పటాలతో పాటు దీన్నీ ఏట్లో కలిపేస్తాను."

"నాన్న ప్రాణంలా చూసుకున్న పుస్తకం అన్నియ్యా! నాలుగొందలేళ్ల కిందట అచ్చయింది, ఇలాంటిది ఇంకోటి దొరకదు!"

"దొరక్కపోతే ఏటి? కిరస్తానీ పుస్తకం, అదీ లాటిన్లో! అందులో ఏటున్నాదో నీకు తెలుసేటి?"

"తెలుసు. దీన్నిచ్చిన చర్చి ఫాదరే నాన్నకి చదివి చెప్పేవారు. అంతా దేవుడి మీదకి తోసేసి తప్పించుకోకూడదట. మంచైనా చెడైనా ఎంచుకునేది మనిషేనట."

"అబద్ధం! నాన్నకి అంతే రాసున్నాది, పోయాడు!"

అరుస్తూ పుస్తకాన్ని తన వైపుకి గుంజాడు. ఆ 'రాసున్నాది' అన్న మాట వినగానే తట్టింది సంహితకి. వెంటనే ఆపరేషన్ చెయ్యాలని డాక్టరు మొత్తుకుంటే, మంగళవారం వద్దు, గురువారం ముహూర్తం బాగుందని సంతకం పెట్టనిది ఈ అన్నే. బుధవారం నాన్న పోయారు.

ఇందాకటి దాకా ఇది మతం గొడవే అనుకుంది.

సంహిత పుస్తకం వదిలేసింది.

"పారీ. కానీ ఇది కూడా రాతేనని మాత్రం అనకు."

రెయిలింగు అవతలకి చాచిన చంద్రమౌళి చెయ్యి, పుస్తకంతో అలాగే ఉండిపోయింది.