అట్ట మీది మనిషి

పొద్దున పది గంటలకే రేవులో ఓ హమాలీ బస్తాలకు ఆనుకుని, కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

ప్రొఫెసర్ ఆగిపోయాడు.

అదే సైజు ఓడ పొరుగు దేశపు రేవులో రెండు రోజుల్లో ఖాళీ అవుతుంది. ఇక్కడ ఆరు రోజులు. కొన్ని దేశాలు దూసుకుపోతుంటే కొన్ని ఎందుకు చతికిలబడతాయన్నది ఆయన పదేళ్ల పరిశోధన. చివరి అధ్యాయం కోసమే రేవుకు వచ్చాడు.

"ఏమయ్యా!"

హమాలీ పలకలేదు.

"ఏమయ్యా, నిన్నే!"

రెప్ప కూడా కదల్లేదు.

"చూశావా?" అన్నాడు ప్రొఫెసర్, వెంట వచ్చిన రేవు గుమస్తాతో. "వాతావరణం అంటాడొకడు. పరాయి పాలన అంటాడొకడు. చట్టాలు బాగోలేవంటాడు ఇంకొకడు. అసలు జబ్బు ఇదిగో, ఇక్కడుంది. పని వేళ మొద్దు నిద్ర!"

"లేపమంటారా సార్?"

"వద్దొద్దు, కదిలించకు."

నాలుగైదు ఫోటోలు తీసుకుని వెళ్లిపోయాడు.

పుస్తకం గురించి పత్రికలన్నీ రాశాయి. ఏడాదిలో మూడు ముద్రణలు. అట్ట నిండా ఆ హమాలీ బొమ్మే.

రెండేళ్లకు ఓ పాతికేళ్ల అమ్మాయి ఆ పుస్తకం పట్టుకుని ఆయన గదికి వచ్చింది.

"బళ్లో ఆయానండీ. లైబ్రరీ అరలు తుడుస్తుంటే ఇది కనిపించింది. ఈ బొమ్మలో ఉన్నది మా నాన్న."

గొడవకే వచ్చిందనుకున్నాడు ప్రొఫెసర్. కుర్చీలో సర్దుకున్నాడు.

"చూడమ్మా, ఆయన్ని కించపరచాలని కాదు..."

"అయ్యో, అందుకు రాలేదండీ. మా ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటీ లేదు. దీన్నే కాస్త పెద్దది చేసి ఇస్తారేమోనని."

ఆయన మనసు కుదుటపడింది.

"ఓస్, అంతేనా! ఇంకా మంచిది తీద్దాం. రేపు ఆయన్నే తీసుకురా."

"లేడండీ. బొమ్మ కింద తేదీ చూశాను. మీరు ఫోటో తీసిన రోజే పోయాడు."

ప్రొఫెసర్ అట్ట మీది బొమ్మ వైపు చూశాడు.

"గుండె పట్టేసిందట. మధ్యాహ్నం మేస్త్రీ చూసేదాకా ఎవరూ పట్టించుకోలేదు. అప్పటికింకా ఊపిరుంది. రెండు గంటల ముందు తెచ్చుంటే దక్కేవాడన్నారు డాక్టరుగారు."

"నేను... పిలిచానమ్మా."

"పిలిచారా?" ఆమె మొహం ఒక్కసారిగా విప్పారింది. "పోన్లెండి. ఒక్కరైనా పిలిచారు."

ఆయన తలెత్తలేకపోయాడు. అలాగే అడిగాడు.

"ఒంట్లో బాగోనప్పుడు పనికెందుకు వచ్చాడమ్మా?"

"రేవులో క్రేను చెడిపోయి అప్పటికి నాలుగు నెలలండీ. అంతా వీపుల మీదే దించేవాళ్లు."

చీర చెంగుతో పుస్తకం అట్ట తుడుస్తూ నెమ్మదిగా అంది.

"జ్వరంతో పడుకున్న ఇద్దరి పేర్లు పనిలోంచి కొట్టేయకుండా, ముందు రోజు నుంచీ వాళ్ల బస్తాలు కూడా మా నాన్నే మోస్తున్నాడు."