ముందు బెంచీ జకరయ్య

బంగారు గని సర్కారుదైందన్న సంగతి బండలకు తెలియదు. ఆ రోజూ ఒకటి విరిగిపడి, లోపలున్న ఇద్దరికీ దారి మూసుకుపోయింది.

ప్రతి ఆదివారం కోరమండల్ చర్చిలో ముందు బెంచీ ఎవరికీ వదలని జకరయ్య, ఆ గని చీకట్లో తోటి కూలీ మారెప్ప కాళ్లు పట్టుకున్నాడు.

"మీ తమ్ముని సద్ది క్యారియర్లో బంగారు రాయి పెట్టి పట్టించింది నేనే. వాని పని పోగొట్టినాను. యేసయ్య కోసం క్షమించప్పా!"

మారెప్ప వెక్కివెక్కి ఏడ్చాడు. "క్షమించినాను" అన్నాడు.

అంతలో బండకు అవతల దారి తవ్వుతున్న గడ్డపారల చప్పుడు వినిపించింది. జకరయ్య లేచి చొక్కా దులుపుకున్నాడు.

"ఇందాక భయానికి ఏందేందో వాగినాను. నిజమనుకునేవు!"

"నువ్వేనని నాకు ఎప్పుడో తెలుసప్పా. నీ నోటితో చెప్పినావని సంతోషానికి ఏడిస్తే, ఆ ఏడుపు కూడా దండగ చేస్తివి. నీ మాట నువ్వు వెనక్కి తీసుకో. నేను క్షమించింది మాత్రం వెనక్కి తీసుకోను."