పరదా కింద కాయలు

మబ్బు కమ్ముకొచ్చేసరికి ధనుంజయరావు సత్తెనపల్లిలో చుట్టాల పెళ్లిలో ఉన్నాడు. అక్కణ్నుంచే పక్క కల్లం హైమావతికి ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, నా మిరపకాయలు ఇంకా పచ్చి ఆరలా. తడిసినయ్యంటే నా పనైపోద్ది. కాస్త పరదాలు కప్పి పుణ్యం కట్టుకో."

"కంగారుపడమాక అన్నయ్యా. నేను చూసుకుంటాగా."

హైమావతి పరుగున వెళ్లింది. ఒక్క కాయ బయటికి కనపడకుండా పరదాలు కప్పి, గాలి చొరకుండా చుట్టూ రాళ్లు పెట్టింది. తన కాయల కంటే ముందు పక్కవాళ్లవి కప్పిందని కల్లాల్లో అందరూ మెచ్చుకున్నారు.

వాన కాసేపే పడింది. మర్నాడు పొద్దున్నే ఎండ విరగకాసింది. హైమావతి తన పరదాలు తీసి కాయలు ఎండకు పలచగా నెరిపింది. ధనుంజయరావు పరదాల వైపు వెళ్లలేదు. పెళ్లి మర్యాదలన్నీ ముగించుకుని ఆయన తిరిగొచ్చేదాకా అవి ఎండలో అలాగే ఉన్నాయి.

వచ్చీ రాగానే ఆయన పరదా ఎత్తాడు. ఆవిరి మొహాన కొట్టింది. ఎర్రటి కాయలన్నీ నల్లబడి బూజు పట్టాయి.

"ఏందమ్మాయ్ ఇది! ఎండొచ్చినాక తీయాలని తెలవదా?"

హైమావతి తన కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరుకుంటూ తలెత్తలేదు.

"పోయినేడు మా అమ్మాయి కాన్పుకని నేను నరసరావుపేట ఆస్పత్రిలో ఉంటే, నా కాయలు నువ్వే కప్పావు అన్నయ్యా. వచ్చి చూసి నేనూ ఇదే అడిగా. 'కప్పమన్నావు, కప్పా. తీయమన్నావా?' అన్నావు."

చేతిలో తాలుకాయను అవతలికి విసిరేసింది.

"నువ్వు మాత్రం తీయమన్నావా?"